చిట్టీ డబ్బుతో మొదటి కెమెరా

ప్రశ్న: సార్, నాకు 29 ఏళ్లు. మల్కాజిగిరిలో ఉంటాం. ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం. మొన్న చిట్టీ పాడితే వచ్చిన డబ్బులో 60 వేలు కెమెరాకని పక్కన పెట్టాను. డీఎస్ఎల్ఆర్ కొనాలని కాలేజీ రోజుల నుంచీ కోరిక. ఆదివారం పొద్దున్నే చార్మినార్, లాడ్ బజార్ వైపు వెళ్లి ఫొటోలు తీయాలని ఉంది. మా అక్క కూతురు కూచిపూడి నేర్చుకుంటోంది. ఫిబ్రవరిలో రవీంద్రభారతిలో దాని ప్రోగ్రాం ఉంది, అదీ తీయాలి. ఫుల్ ఫ్రేమ్ తప్ప ఏది కొన్నా డబ్బు దండగే అంటున్నారు మా బావగారు. షాపతనేమో రెండు లెన్సుల కిట్ ఆఫర్‌లో ఉంది, బ్యాగు ఫ్రీ అన్నాడు. ఆఫీసులో స్నేహితురాలు డీఎస్ఎల్ఆర్‌ల పని అయిపోయింది, మిర్రర్‌లెస్ కొనుక్కో అంటోంది. అమ్మ అయితే ఫోన్‌లో ఫొటోలు రావడం లేదా అంటోంది. వీడియోలు చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. కానన్ కొనాలా, నికాన్ కొనాలా? సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అందరూ కెమెరా గురించే మాట్లాడారు. ఫొటోల గురించి మాట్లాడింది మీరొక్కరే. లాడ్ బజార్, అక్క కూతురి డాన్స్. నా జవాబంతా ఆ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

ముందు సలహా చెప్పేస్తాను, కారణాలు తర్వాత. సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డీ5600 గానీ, కానన్ 200డీ మార్క్ 2 గానీ తీసుకోండి. దాంతోపాటు వచ్చే 18-55 లెన్సు ఉంచుకోండి (ఈ అంకె చిన్నదైతే దృశ్యం విశాలంగా, పెద్దదైతే దగ్గరగా కనిపిస్తుంది). దానికి తోడుగా 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు ఒకటి కొనండి. ఇవి కొన్నాక కూడా మీ 60 వేలలో కొంత మిగలాలి. మిగలకపోతే బాడీకి, అంటే లెన్సు కాకుండా ఉన్న కెమెరాకు, ఎక్కువ పెట్టేశారన్నమాట. మిగిలిన డబ్బుతో ఏం చేయాలో బ్యాంకు ఉద్యోగికి నేను చెప్పేదేముంది.

ఆ 50 లెన్సు గురించి ఎందుకంత పట్టుబడుతున్నానో రవీంద్రభారతి హాల్లో కూర్చుంటే తెలుస్తుంది. స్టేజీ మీద లైట్లు మన కంటికి దేదీప్యమానంగా ఉంటాయి. కెమెరాకు అది చీకటి కిందే లెక్క. కిట్‌లో వచ్చే 18-55 లెన్సును పూర్తిగా జూమ్ చేస్తే దాని లోపలి కన్నం ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. అంతకంటే పెద్దగా తెరుచుకోదు. ఎఫ్ పక్కన అంకె ఎంత తగ్గితే కన్నం అంత పెద్దదని గుర్తుపెట్టుకోండి. మొదట్లో అందరికీ ఇది తిరకాసే. 5.6 నుంచి 1.8కి వస్తే లోపలికొచ్చే వెలుతురు దాదాపు 10 రెట్లు పెరుగుతుంది. అంటే కిట్ లెన్సుతో సెకనులో 50వ వంతు సేపు షట్టర్ తెరవాల్సిన చోట, ఈ లెన్సుతో 500వ వంతు చాలు. పాప చేయి విసిరినప్పుడు 50వ వంతు సెకనులో ఆ చేయి ఫొటోలో తెల్లటి పొగలా వస్తుంది. జడ ఎక్కడుందో వెతుక్కోవాలి. 500వ వంతులో వేలికున్న పారాణి గీత కూడా విడిగా కనిపిస్తుంది.

షాపులో ఇక్కడే ఒక మాట చెబుతారు: “మేడం, ఈ లెన్సులో స్టెబిలైజేషన్ ఉంది, చీకట్లో కూడా బ్లర్ రాదు.” అది సగం నిజం. ఆ ఏర్పాటు ఆపేది మీ చేతి వణుకుని. స్టేజీ మీద గిర్రున తిరిగే పాపను అది ఆపలేదు.

50 లెన్సుకు జూమ్ ఉండదు కదా, సరిపోతుందా అని అడుగుతారు. ఈ కెమెరాల్లో సెన్సర్ (వెలుతురు పడి ఫొటో తయారయ్యే పలక) పరిమాణం సుమారు 23 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల ఎత్తు. స్టేజీకి 10 మీటర్ల దూరంలో కూర్చుని కెమెరా అడ్డంగా పట్టుకుంటే ఇంచుమించు నాలుగున్నర మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఫ్రేములోకి వస్తాయి. చేతులు పైకెత్తిన పిల్ల మొత్తం పడుతుంది, గజ్జెలతో సహా. కాబట్టి ముందు వరుసల్లో సీటు సంపాదించండి. అక్కగారు పాప తల్లి కాబట్టి అదేమంత కష్టం కాకపోవచ్చు. బాల్కనీలో కూర్చుంటే మాత్రం నేను చెప్పిందేదీ పనిచేయదు.

డాన్స్ తీసేటప్పుడు వరసగా టకటకా నొక్కుతూ పోతే 600 ఫొటోల్లో ఆరు కూడా మిగలవు. రిహార్సల్స్‌కి రెండుసార్లు వెళ్లి కూర్చోండి, కెమెరా లేకుండా. జతి (అడుగుల వరస) ముగింపులో తీర్మానం, అంటే ముక్తాయింపు, పడ్డాక నర్తకి ఒక్క క్షణం బొమ్మలా నిలబడుతుంది. మీ వేలు ఆ క్షణం కోసం కాచుకుని ఉండాలి. పాప తరంగం చేస్తుంటే, ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు బిగించి శరీరాన్ని నిలబెట్టుకునే చోట ముఖంలో ఒక పట్టుదల కనిపిస్తుంది. అది నవ్వు ముఖం కంటే మంచి ఫొటో. ఫ్లాష్ వెయ్యొద్దు, దాంతో పాప కళ్లు చెదురుతాయి. ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. చీకట్లో ఫోకస్ కోసం కెమెరా ముందు చిన్న లైటు వెలుగుతుంది కొన్నింటిలో. దాన్ని మెనూలోకి వెళ్లి ఇంటి దగ్గరే ఆపేసి రండి.

ఇక నా సొంత గోడు ఒకటి చెప్పాలి. 2009లో నా మొదటి డీఎస్ఎల్ఆర్ నికాన్ డీ60. దానికి 50 ఎంఎం లెన్సు కావాలని షాపుకెళ్తే చవగ్గా ఒకటి చూపించారు. పేరు చివర డీ అనే అక్షరం ఉంది. “మౌంట్ అయితే చాలు సార్, అన్నీ ఒకటే” అన్నాడు. మౌంట్ అయింది, కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే ఆటో ఫోకస్ చేయదు. సంగతేమిటంటే, ఆ పాత రకం లెన్సుల్లో ఫోకస్ మోటారు ఉండదు, దాన్ని తిప్పే మోటారు కెమెరా బాడీలో ఉండాలి. డీ60 లాంటి చిన్న బాడీల్లో నికాన్ ఆ మోటారు పెట్టలేదు. తిరిగి ఇవ్వబోతే బిల్లు మీద రాసిన “వస్తువులు వాపసు తీసుకోబడవు” చూపించారు. మర్నాడే మా పెద్దనాన్న కూతురి పెళ్లి. చేత్తో ఫోకస్ తిప్పుకుంటూ తలంబ్రాలన్నీ తీశాను. ఇప్పటికీ ఆ ఆల్బమ్ తెరిస్తే పెళ్లికూతురి నుదుటి మీద బాసికం ముత్యంతో సహా స్పష్టంగా ఉంటుంది, కళ్లు మాత్రం మసక. మా చెల్లెలు ఏటా పెళ్లిరోజుకు గుర్తుచేస్తూనే ఉంది.

డీ5600లో కూడా ఆ మోటారు లేదు. అందుకని నికాన్ తీసుకుంటే లెన్సు మీద ‘ఏఎఫ్-ఎస్’ అని, 1.8 పక్కన ‘జీ’ అని ఉన్నది చూసి కొనండి. కానన్‌లో ఈ తలనొప్పి లేదు. 1987లో ఈఓఎస్ కెమెరాలు మొదలైన నాటి నుంచీ వాళ్లు మోటారును లెన్సులోనే పెట్టారు. కానన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం నికాన్ దానికంటే చవక కూడా. కొత్తదే పదివేలకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది.

షాపతను చెప్పిన రెండు లెన్సుల కిట్ సంగతి. ఆ రెండో లెన్సు సాధారణంగా 55-250 గానీ 70-300 గానీ అయ్యుంటుంది. పగటి ఎండలో అమీన్‌పూర్ చెరువు గట్టున లకుముకి పిట్టను తీయాలంటే పనికొచ్చే లెన్సే, కాదనను. కానీ మీ ఉత్తరంలో పిట్టల ఊసే లేదు. హాల్లో దాన్ని పూర్తిగా జూమ్ చేస్తే కన్నం 5.6 దగ్గరో 6.3 దగ్గరో ఆగుతుంది, అంటే కిట్ లెన్సుతో ఉన్న ఇబ్బందే మళ్లీ వస్తుంది. పైగా నికాన్ 70-300లో వీఆర్ (స్టెబిలైజేషన్‌కు నికాన్ పెట్టిన పేరు) ఉన్నదొకటి, లేనిదొకటి, రెండు రకాలున్నాయి. లేనిదే చవక కాబట్టి ఆఫర్ కిట్‌లో అది వచ్చే అవకాశం ఉంది. ఆ ఫ్రీ బ్యాగు కూడా వద్దు. కంపెనీ పేరు బారెడు అక్షరాలతో ఉన్న బ్యాగు తగిలించుకుని బస్సెక్కితే ఇందులో కెమెరా ఉందహో అని చాటింపు వేసినట్టే. ఆఫీసు హ్యాండ్‌బ్యాగులో మెత్తటి తువ్వాలు పరిచి పెట్టుకోండి.

మీ బావగారి మాట కొట్టిపారేసేది కాదు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. వైశాల్యంలో మీ దానికి రెండు రెట్ల పైనే. చీకట్లో దాని ఫొటో శుభ్రంగా ఉంటుంది. కానీ 60 వేలలో ఫుల్ ఫ్రేమ్ అంటే మన ఊళ్లో దొరికేవి ఎక్కువగా పెళ్లిళ్లలో అరిగిపోయినవే. కానన్ 5డీ మార్క్ 3నే తీసుకోండి. దాని షట్టర్‌ను లక్షన్నర క్లిక్కుల లెక్కన తయారుచేశారు. శ్రావణమాసం ముహూర్తాల్లో రాత్రీ పగలూ తిరిగిన బాడీ ఆ లెక్క ఎప్పుడో దాటేసి ఉండొచ్చు. దానికి తగ్గ లెన్సులు బరువు, ఖరీదు. మొత్తం మెడలో వేసుకుని రెండు గంటలు పాతబస్తీలో నడిచి చూడండి, మూడో ఆదివారం నుంచి కెమెరా బీరువాలోనే ఉంటుంది. బావగారిని ఒక్కటి మాత్రం అడగండి: ఆయన దగ్గర ఉన్నది ఏ కంపెనీ డీఎస్ఎల్ఆర్? లెన్సులు అప్పిచ్చే మనిషేనా? అవునంటే కళ్లు మూసుకుని అదే కంపెనీ బాడీ కొనండి. కానన్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు వాడే ఈఎఫ్ లెన్సు మీ 200డీకి చక్కగా బిగుస్తుంది. కానన్, నికాన్ తగవుకు ఇంతకంటే మంచి పరిష్కారం నాకు తెలియదు. బావగారి దగ్గర అసలు కెమెరాయే లేకపోతే రెండూ చేతిలోకి తీసుకుని, చిటికెన వేలు గాల్లో వేలాడకుండా ఏది పట్టుకోగలరో చూసి అది కొనండి. డీ5600కి లోతైన పిడి ఉంది, 200డీ మరీ చిన్నది, కొందరికి అదే నచ్చుతుంది.

మీ స్నేహితురాలి మాట మీద కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఆవిడ చెప్పింది ముప్పావు వంతు నిజం. డీఎస్ఎల్ఆర్ లోపల లెన్సు వెనకాల ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుతురు ఆ అద్దం మీద పడి పైకి తిరిగి మీ కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం ఠక్కున పైకి లేస్తుంది, వెలుతురు సెన్సర్ మీద పడుతుంది, అద్దం కిందికి వస్తుంది. డీఎస్ఎల్ఆర్‌కు ఉండే ఆ చప్పుడులో అద్దానిదే పెద్ద వాటా. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు. సెన్సర్ చూసిందే చిన్న తెర మీద మీరు చూస్తారు. అందువల్ల ఫొటో ఎంత వెలుతురుగా వస్తుందో నొక్కకముందే తెలిసిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది పెద్ద వరం. మనిషి కన్ను ఎక్కడుందో తనే వెతికి ఫోకస్ చేసేవి ఇప్పుడు చవక మోడళ్లలోనూ ఉన్నాయి. చాలావాటిని చప్పుడు లేకుండా పనిచేయించొచ్చు. అభినయం జరుగుతూ హాలంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మీ కెమెరా ఠక్ ఠక్‌మంటే ముందు వరుస గురువుగారు వెనక్కి తిరిగి చూస్తారు. ఆ చూపు నేనూ తిన్నాను.

కంపెనీలు కూడా అటే వెళ్లిపోయాయి. కానన్, నికాన్ రెండూ 2018లో తమ కొత్త మిర్రర్‌లెస్ మౌంట్లు (లెన్సు బిగించే ఏర్పాట్లు) తెచ్చాయి. వాళ్ల పెద్ద డీఎస్ఎల్ఆర్‌లు, కానన్ 1డీఎక్స్ మార్క్ 3, నికాన్ డీ6, చివరగా వచ్చింది 2020లో. ఇప్పుడు కొత్త లెన్సులన్నీ కొత్త మౌంట్లకే. మరి తెలిసి తెలిసి పాతది ఎందుకు కొనమంటున్నారంటారా? సరిగ్గా అందుకే. అందరూ అమ్ముకుని మిర్రర్‌లెస్‌కు మారుతున్నారు కాబట్టి మంచి డీఎస్ఎల్ఆర్‌లు, వాటి లెన్సులు చవగ్గా దొరుకుతున్నాయి. మీ బడ్జెట్‌లో కొత్త మిర్రర్‌లెస్ కొంటే బాడీ, కిట్ లెన్సుతోనే డబ్బులు ఇంచుమించు అయిపోతాయి. మళ్లీ 5.6 దగ్గరికే వచ్చి కూర్చుంటారు, ఫిబ్రవరి ప్రోగ్రాం నాటికి. రేపెప్పుడైనా కానన్ మిర్రర్‌లెస్‌కు మారినా ఈఎఫ్ లెన్సు వృథా కాదు, ఒక అడాప్టర్ పెడితే చక్కగా ఫోకస్ చేస్తుంది. ఒక్క మినహాయింపు: మీకు ఫొటోల కంటే రీల్స్, వీడియోల మీద మనసు ఎక్కువుంటే నా మాట పక్కన పెట్టి స్నేహితురాలి మాట వినండి. డీ5600 వీడియోలో ఫోకస్ కోసం తడుముకుంటుంది. 200డీ మార్క్ 2 ఆ పనిలో చాలా నయం.

అమ్మగారికేం చెప్పాలంటే, ఫోన్‌లో ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయని ఒప్పేసుకోండి. పగలు ఇంటి ముందు ముగ్గు తీయడానికి ఫోనే మేలు.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్. కోఠిలో కెమెరా షాపులు తెలుసు కదా, వాటిలో కొన్నింట్లో వాడినవీ దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో మనిషి దగ్గర నేరుగా కొనొచ్చు. ఎక్కడ కొన్నా అరగంట తీరిగ్గా చూడనివ్వని చోట కొనకండి. మీ సొంత మెమరీ కార్డు, చిన్న టార్చి పట్టుకెళ్లండి. ముందుగా లెన్సును బాడీ నుంచి తీయించి, వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. రెండు మూడు దుమ్ము రేణువులు ఏ లెన్సులోనైనా ఉంటాయి, వాటితో బాధ లేదు. సాలెగూడు దారాల్లాంటివి, చెట్టు వేళ్లలా పాకినవి కనిపిస్తే అది ఫంగస్. తుడిస్తే పోతుంది మేడం అంటారు. లోపలి గాజు మీద ఉన్నదాన్ని తుడవాలంటే లెన్సు విప్పాలి, విప్పినా పైపూత తినేసి ఉంటే మచ్చ ఉండిపోతుంది. దాన్ని అక్కడే పెట్టేయండి.

తర్వాత బాడీ. మోడ్‌ని ‘ఏ’ మీద పెట్టి (కన్నం మీరు ఎంచుకుంటే షట్టర్ సంగతి కెమెరా చూసుకునే మోడ్, కానన్‌లో ‘ఏవీ’ అని ఉంటుంది), ఎఫ్ 16కి తెచ్చి, బయటికొచ్చి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తీయండి. పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది దుమ్ము నల్లటి చుక్కలుగా కనిపిస్తుంది. చుక్కలు క్లీనింగ్‌తో పోతాయి, కానీ గీతలా ఏదైనా కనిపిస్తే వద్దు. లెన్సుకు మూత పెట్టి, షట్టర్ 10 సెకన్లు తెరిచి ఉండేలా ఒకటి తీయండి. నల్లటి ఫొటోలో ఎర్రగా, నీలంగా చుక్కలు కుప్పలుగా ఉంటే ఆలోచించాలి. అన్ని బటన్లూ నొక్కండి, డయల్ తిప్పండి, స్క్రీన్‌ను మడిచి తెరవండి. లెన్సు బిగించే ఉంగరం చుట్టూ స్క్రూల తలలు అరిగిపోయి ఉంటే ఎవరో విప్పి చూశారని అర్థం. ఎన్ని క్లిక్కులు తిరిగిందన్నది నికాన్‌లో తేలిగ్గా తెలుస్తుంది. ఒక ఫొటో తీసి, ఆ ఫైలును కంప్యూటర్‌లో ఫొటో వివరాలు చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే షట్టర్ కౌంట్ అని ఉంటుంది. 20, 30 వేల లోపుంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. కానన్ చిన్న బాడీల్లో అంత సులువుగా దొరకదు, పిడి రబ్బరు, బటన్ల మీది అక్షరాలు ఎంత అరిగాయో చూసి అంచనా వేయాలి. బాడీ మీద ఉన్న నంబరు, బిల్లు మీది నంబరు, పెట్టె మీది నంబరు ఒకటేనా చూడండి. బిల్లు లేదంటే బేరం లేదు. లోపల అద్దం మురికిగా కనిపించినా మీరు మాత్రం చీర కొంగుతో తుడవబోకండి, చున్నీతో కూడా. దాని పూత అరిటాకు కంటే సున్నితం.

200డీ మార్క్ 2లో ఒక లోపం చెప్పకపోతే తర్వాత నన్ను తిట్టుకుంటారు. పైన ఫ్లాష్ తగిలించే చోట మధ్యలో ఉండాల్సిన పిన్ను దానికి లేదు. కాబట్టి మార్కెట్లో దొరికే చవక ఫ్లాషులు, వాటిని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్లు చాలావరకు దాని మీద పనిచేయవు. మీ రెండు పనులకూ ఫ్లాష్ అక్కర్లేదు కాబట్టి జాబితాలో ఉంచాను. రేపు పుట్టినరోజు ఫంక్షన్లు తీసి నాలుగు డబ్బులు చేసుకోవాలనుంటే డీ5600 వైపు మొగ్గండి. ఇక కానన్ 3000డీ అని ఒకటి చవగ్గా తగులుతుంది. దాని లెన్సు మౌంట్ కూడా ప్లాస్టిక్కే. దాని జోలికి పోవద్దు.

కెమెరా ఇంటికొచ్చాక మొదటి ఆదివారం ఎలా గడపాలో కూడా చెప్తాను. పొద్దున్నే లాడ్ బజార్‌కు వెళ్తే షట్టర్లు దించే ఉంటాయి. గాజుల కొట్లు తెరిచేసరికి ఎండెక్కుతుంది. కాబట్టి పొద్దున చార్మినార్, మక్కా మసీదు ముందు పావురాలు, ఇరానీ చాయ్. అప్పుడు 18-55 పెట్టుకోండి, చార్మినార్ పూర్తిగా పట్టాలంటే 18 కావాలి. గాజులకు సాయంత్రం మళ్లీ రండి, 50 పెట్టుకుని.

సాయంత్రం ఆ కొట్లో బల్బుల కింద లక్క గాజుల మీద రాళ్లు మెరుస్తుంటాయి. మీరు ఫొటో తీస్తారు. స్క్రీన్ మీద చూస్తే గాజులన్నీ నల్లగా, బల్బు మాత్రం చక్కగా వచ్చి ఉంటుంది. కెమెరా చెడిపోలేదు. ఎదురుగా ఉన్న వెలుతురంతా కలిపి ఒక మధ్యరకం బూడిద రంగు అవ్వాలని దాని లెక్క. బల్బు మరీ వెలుగ్గా ఉంది కాబట్టి మొత్తాన్ని దించేసింది. ప్లస్, మైనస్ గుర్తున్న బటన్ ఒకటుంటుంది. దాన్ని ప్లస్ ఒకటికి పెట్టి మళ్లీ తీయండి, గాజులు పైకి తేలతాయి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో మల్లెపూల బుట్టను తీసినా అంతే, తెల్లటి పూలు బూడిద పులిమినట్టు వస్తాయి, ప్లస్ కావాలి. నల్ల గేదెను తీస్తే ఈ లెక్క తిరగబడుతుంది, మైనస్ కావాలి. ఈ ఒక్క బటన్ అర్థమయ్యేదాకా, అన్నీ మనమే పెట్టుకోవాల్సిన ‘ఎమ్’ మోడ్ ముట్టుకోవద్దు. మోడ్ ‘ఏ’, ఐఎస్ఓ (పడ్డ వెలుతురును కెమెరా ఎంత పెంచాలో చెప్పే అంకె) ఆటోలో గరిష్ఠం 6400, ఫోకస్ చుక్క మధ్యది ఒక్కటే. రెండు నెలలు ఇంతే. వీడియోల్లో ఎమ్ మోడ్ వాడనివాడు ఫొటోగ్రాఫరే కాదని చెప్పేవాళ్లుంటారు, విని నవ్వుకోండి.

పాతబస్తీలో ఆడపిల్ల ఒంటరిగా కెమెరాతో తిరగొచ్చా అని మీరు అడగలేదు, కానీ అడగాలనుకుని ఆగారేమో అనిపించింది. పెద్ద కెమెరా, పొడవాటి లెన్సు చూస్తే జనం మీడియా అనుకుని బిగుసుకుపోతారు. చిన్న బాడీకి 50 పెట్టుకుంటే పట్టించుకోరు. కొట్టువాడి ముఖం తీసే ముందు “భయ్యా, ఏక్ ఫోటో లూఁ?” అని అడగండి, తీశాక స్క్రీన్ చూపించండి. పక్క కొట్టువాడు తనే పిలుస్తాడు. మన ఊరికి ఇదేమీ కొత్త కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే ఇక్కడ ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో పెట్టారు. అందులో ఫొటో తీసేదీ ఆడమనిషే. గాజు పలకల మీద తీసేవాళ్లు అప్పట్లో, ఒక్కో పలక ఒక్కో ఫొటో.

కెమెరా దాచడం గురించి రెండు ముక్కలు. బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టొద్దు, ముఖ్యంగా కలరా ఉండల పక్కన. ఆ వాసన కెమెరాకు పడదని కంపెనీ మాన్యువల్‌లోనే ఉంటుంది. గాలి చొరని పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టండి, వానాకాలంలో సంచులు నెలకోసారి మార్చండి. నా బాసికం లెన్సు చివరికి ఫంగస్ పట్టే పోయింది, తోలు సంచిలో పెట్టి మర్చిపోయినందుకు.

కోఠికి శనివారం మధ్యాహ్నం వెళ్లండి. ఆదివారం అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలే తప్ప షాపులు చాలావరకు మూసే ఉంటాయి. బావగారిని వెంట తీసుకెళ్తే బేరమాడటానికి పనికొస్తారు. ఆయన ఫుల్ ఫ్రేమ్ వైపు చూడటం మొదలుపెడితే మాత్రం చాయ్ తాగొద్దామని బయటికి తీసుకొచ్చేయండి.